నూనె ఒలికింది: పేపరా, ముగ్గుపిండా, శనగపిండా?

పోయిన ఏడాది ఆవకాయల రోజుల్లో మా వంటింట్లో ఐదు లీటర్ల నువ్వుల నూనె క్యాన్ ఒరిగిపోయింది. మూత సరిగ్గా బిగించనిది నేనే. చూసేసరికి సగం పైగా నేల మీద ఉంది, మెల్లగా ఫ్రిజ్ వైపు పాకుతోంది. నేను బకెట్ కోసం పరుగెత్తాను. మా అత్తయ్య గుమ్మంలోనే ఆపేశారు.

"నీళ్లు పొయ్యకమ్మాయ్, ఇల్లంతా అవుతుంది. ముందు ముగ్గు డబ్బా పట్రా."

ఫ్రిజ్‌కి జానెడు ఇవతల ఆవిడ ముగ్గుపిండిని వేలెడు ఎత్తున పోసుకుంటూ వెళ్లారు, మడికి గట్టు వేసినట్టు. నూనె వచ్చి ఆ గట్టును తాకింది. అంచు తడిసి ముదురు రంగుకు తిరిగింది, అంతే, అక్కడే ఆగింది. తర్వాత ప్లాస్టిక్ చెత్తచేటను నేలకు ఆనించి పట్టుకుని, వైపర్‌తో నూనెను దాంట్లోకి నెట్టి, పాత గిన్నెలోకి వంచాం. అలా చాలాసార్లు. పలచటి పొర మిగిలాక పాత పేపర్లు పరిచాం. పేపర్లు ఎత్తేశాక ముగ్గు చల్లాం. సబ్బు నీళ్ల వంతు అన్నిటికంటే చివర్న వచ్చింది.

నూనె ఒలికితే అరిష్టం అంటారు. ఎవరైనా జారి నడుము విరగ్గొట్టుకుంటే అరిష్టమే మరి. కాబట్టి చల్లడాలూ తుడవడాలూ తర్వాత, ముందు పిల్లల్ని బయటికి పంపి, చెప్పులు అక్కడే విడిచేయండి. జిడ్డు అంటిన చెప్పుతో హాల్లోకి వెళ్తే ఒక్క మరక పది చోట్ల అవుతుంది. నూనె కాగుతూ ఒలికితే స్టవ్ కట్టేసి, చల్లారేదాకా దాని జోలికి పోకండి. కాగే నూనె మీద నీళ్లు అసలే వద్దు.

ఆ రోజు తర్వాత నాకో పిచ్చి పట్టింది. ఇంట్లో ఉన్న ప్రతి పొడినీ, ప్రతి గుడ్డనీ ఒక్కో చెంచా నూనె మీద వేసి చూడటం మొదలుపెట్టాను. దాంతో తేలిందీ, ఎందుకలా అని తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పీచు ముందు, పొడి తర్వాత

ఎవర్ని అడిగినా ఏదో ఒక పొడి పేరే చెబుతారు. శనగపిండి అంటారు, మైదా అంటారు, ఉప్పు అంటారు. చెంచాడు నూనెకైతే ఏదో ఒకటి సరిపోతుంది. లీటరు నూనెకు మాత్రం పొడితో మొదలుపెడితే పిండీ దండగే, పనీ దండగే.

దీనికి ఒక లెక్క ఉంది. కిటికీ అద్దాలు బిగించడానికి వాడే పాతకాలపు లప్పం సుద్దపొడీ అవిసె నూనే కలిపి పిసికిన ముద్ద. రంగుల తయారీలో సుద్దపొడి ఎంత నూనె పడుతుందో కొలుస్తారు. 100 గ్రాముల సుద్దపొడి ముద్దగా మారడానికి దాదాపు 15 నుంచి 25 గ్రాముల నూనె చాలు. అంటే పొడి పీల్చేది తన బరువులో ఐదో వంతు, అటూ ఇటూగా. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. దాన్ని మొత్తం ముగ్గుతోనే తీయాలంటే నాలుగైదు కిలోలు పోయాలి. ఆ ముద్దనంతా మళ్లీ ఎత్తాలి!

పీచు సంగతి వేరు. కాగితం, బట్ట, పత్తి లాంటివాటిలో పీచుకూ పీచుకూ మధ్య ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీల్లోకి నూనె ఎక్కి కూర్చుంటుంది. అందుకే పీచు తన బరువుకు ఎన్నో రెట్ల నూనె పడుతుంది. కానీ నేల మీద సన్నని పొరను వదిలేస్తుంది, సందుల్లోకీ గుంటల్లోకీ దిగలేదు. ఆ చివరి పొర దగ్గరే మెత్తటి పొడి పని మొదలవుతుంది. మా అత్తయ్య వరస అందుకే సరైనది. తోడదగ్గది తోడాలి, పీచుతో పీల్చాలి, పొడితో లాగాలి, అప్పుడే సబ్బు. సబ్బుకు ముందు నీళ్ల చుక్క కూడా పడకూడదు. నూనె నీటి మీద తేలి, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది, టైల్స్ సందులు, గుమ్మం, బాల్కనీ అంతటా.

తోడిన నూనెను మళ్లీ వంటకు వాడాలని ఆశపడకండి. నేల మీది దుమ్మంతా దాంట్లోనే ఉంటుంది. దీపానికి కూడా నేను వాడలేదు, అత్తయ్య ఒప్పుకోలేదు. గేటు మడతబందులకీ, తుప్పు పట్టిన తాళాలకీ కొన్నాళ్లు వచ్చింది.

పీచుల్లో ఏది

పాత న్యూస్ పేపర్‌కే నా ఓటు. దాదాపు ఊరికే దొరుకుతుంది, గరుకు కాగితం కాబట్టి బాగా పీలుస్తుంది. వేసే పద్ధతి మాత్రం ముఖ్యం. నాలుగైదు పొరలు పరిచి, ఒత్తకుండా, తుడవకుండా రెండు మూడు నిమిషాలు వదిలేయాలి. తర్వాత అంచు పట్టుకుని లోపలికి మడుచుకుంటూ ఎత్తాలి. రుద్దితే నూనె పక్కకు పాకుతుంది. వారపత్రికల నున్నటి కాగితం ఇందుకు పనికిరాదు, దాని మీది పూత నూనెను లోపలికి పోనివ్వదు. ఇంకో జాగ్రత్త. తెల్ల మార్బుల్ మీద అచ్చు సిరా దిగుతుంది, నూనె తగిలితే మరీ తొందరగా దిగుతుంది. అక్కడ కింద ఒక వరస టిష్యూ వేసి, పైన పేపర్ వేయండి.

పాత నూలు చీర, లుంగీ, బనియను కూడా పేపర్‌తో సమానమే, ఒక్కోసారి మెరుగు. ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్ట బాగా పీలుస్తుంది. గంజి పెట్టిన బట్ట, పాలిస్టర్ చున్నీ నిరాశపరుస్తాయి. టిష్యూ రోల్ మంచిదే కానీ పావు లీటరు దాటితే రోలంతా అయిపోతుంది. ఆ డబ్బుతో మరో ముగ్గు ప్యాకెట్ వస్తుంది.

దూది దగ్గర ఒక తమాషా ఉంది. మందుల షాపు దూదిని నీళ్లలో వేయండి, పది సెకన్లలోపే మునుగుతుంది, మునగాలని ఔషధ ప్రమాణాల్లోనే ఉంది. పత్తికి సహజంగా ఉండే మైనం లాంటి పూతను తీసేసి తెల్లగా చేస్తారు, నీళ్లు బాగా పట్టాలని. వత్తుల కోసం అమ్మే, గింజ తీసిన మామూలు పత్తిని వేస్తే తేలుతూనే ఉంటుంది. ఆ పూత వల్ల దానికి నీళ్లంటే గిట్టదు, నూనె అంటే ఇష్టం. దీపంలో వత్తి చేసేదీ అదే కదా. అమెరికాలో టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో శేషాద్రి రామ్‌కుమార్ బృందం 2013లో ఇలాంటి శుద్ధి చేయని పత్తిని పరీక్షించింది. అది తన బరువుకు 30 రెట్లకు పైగా ముడి చమురు పట్టింది.

బూరుగు దూది కూడా ఆ కోవలోదే. దాని పీచు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనం పూత ఉంటుంది. నీళ్లలో వేస్తే అలా తేలుతూనే ఉంటుంది. అటక మీద చిరిగిన బూరుగు దిండు ఉంటే పారేయకుండా దాచండి. కాకపోతే గాలికి ఎగిరి ముక్కుల్లోకి పోతుంది, కాబట్టి విప్పి పొయ్యకుండా పలచటి గుడ్డలో మూట కట్టి అద్దండి.

ఇప్పుడు ఎవరూ ఊహించని రెండు వస్తువులు. ఒకటి, కోవిడ్ రోజుల్లో కొని అల్మారాలో మిగిలిపోయిన సర్జికల్ మాస్కులు. రెండు, బట్టల షాపులో ఇచ్చే, చూడ్డానికి గుడ్డలా ఉండే నాన్-వోవెన్ సంచులు. రెండూ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పీచుతో చేసినవే. సముద్రంలో చమురు పీల్చడానికి అమ్మే ప్యాడ్లు కూడా ఎక్కువగా ఈ పదార్థమే. దీని గుణం నూనె పట్టుకోవడం, నీళ్లు వదిలేయడం. మాస్కుల మధ్య పొర అన్నిటికంటే బాగా పీల్చింది. సంచి దళసరిగా, బిగుతుగా ఉంటుంది కాబట్టి నెమ్మది. వేడి నూనెకు మాత్రం వద్దు. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, గారెలు వేగే నూనె వేడి ఇంచుమించు 180.

పిల్లల డైపర్లు పనికొస్తాయని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. వాటిలో ఉబ్బే పొడి నీళ్లకు మాత్రమే ఉబ్బుతుంది, నూనెను పట్టించుకోదు. చుట్టూ ఉన్న కాగితపు గుజ్జు మాత్రం కొంచెం పీలుస్తుంది. ఆ ధరకు అది నష్టమే. గిన్నెలు తోమే కొబ్బరిపీచుకు పీల్చే గుణం తక్కువ, రుద్దే పనికి బాగుంటుంది.

పొడుల్లో ఏది

మనకు చేతికి ముందు దొరికేది శనగపిండి. పనిచేస్తుంది, అబద్ధం చెప్పను. మెత్తటి పిండి ఏదైనా నూనెను పడుతుంది. కానీ మైదా, శనగపిండి, బియ్యప్పిండి మూడింటికీ ఒకే జబ్బు. ఎక్కడైనా నీళ్లు తగిలితే ముద్దై అతుక్కుంటాయి. టైల్స్ సందుల్లో మైదా జిగురు ఎండిపోతే ఊరికే వదలదు, పాత పేపర్లతో అట్టలు వేసుకున్నవాళ్లకు మైదా జిగురు పట్టు ఎలా ఉంటుందో తెలుసు. పైగా చీమలు, బొద్దింకలు. రాత్రి ఒలికి, సరిగ్గా ఊడ్చకుండా పడుకుంటే పొద్దున్నకి చీమల బారు తయారు. ఇంకోటి, స్టవ్ వెలుగుతుండగా గాల్లో పిండి చల్లకండి, పిండి ధూళి భగ్గున అంటుకుంటుంది. తినే వస్తువును నేల పాలు చేయడం నాకు ఎలాగూ మనసొప్పదు.

ముగ్గుపిండి అంటే నేను చెప్పేది రాతి ముగ్గు. ఎక్కువగా సున్నపురాయి లాంటి రాళ్లను పొడి చేసి అమ్ముతారు. చవక, మెత్తన, కుళ్లదు, చీమలు రావు, అంటుకోదు, నీళ్లు తగిలినా జిగురవదు. ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. నాకు తెలిసినంతలో వంటింటి నేలకు ఇంతకంటే మంచి పొడి లేదు. పలచటి పొర మీద జల్లెడ పట్టినట్టు చల్లి, పదిహేను నిమిషాలు ఆగి, పొడి చీపురుతో ఊడ్చేయాలి. అంతా తడిసి ముదురు రంగుకు వస్తే అది నిండిపోయిందని అర్థం, ఊడ్చి కొత్తది చల్లాలి. ఎత్తు నుంచి కుమ్మరిస్తే దుమ్ము లేస్తుంది, పీల్చుకోవద్దు. కొన్ని రకాల్లో సున్నం కలుస్తుంది, చేతులు మండితే అదే.

కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో బూడిద ముగ్గుకు ఏమాత్రం తీసిపోదు. పీల్చడంతో పాటు ఇంకో పనీ చేస్తుంది. బూడిదలో క్షారం ఉంటుంది, అది జిడ్డును కొంత విడగొడుతుంది. మన అమ్మమ్మలు బూడిదతో గిన్నెలు తోమింది అందుకే. తెల్లటి నేల మీద మాత్రం బూడిద రంగు దిగొచ్చు. నిప్పు లేకుండా పూర్తిగా చల్లారిన బూడిదే వాడాలి.

ఉప్పు గురించి ఎందుకింత ప్రచారమో నాకు అర్థం కాదు. ఉప్పు పలుకు గట్టి స్ఫటికం, లోపలికి నూనె పోవడానికి దారి లేదు. పలుకుల చుట్టూ నూనె అంటుకుంటుంది, అంతే. జారకుండా ఉండటానికీ, రుద్దడానికీ గరుకుగా పనికొస్తుంది. వంటసోడా ఉప్పు కంటే నయం, ముగ్గు కంటే ఖరీదు. బట్టల మీద చిన్న మరకకైతే సరే.

టాల్కమ్ పౌడర్ నూనె పట్టడంలో సుద్ద కంటే మెరుగు. కానీ నేల మీద అది పరమ జారుడు, క్యారమ్ బోర్డు మీద వేసేది ఆ జారుడు కోసమే. కాబట్టి బట్టలకు ఉంచుకోండి, నేలకు వద్దు.

రంపపు పొట్టు నిజానికి పీచుకూ పొడికీ మధ్యది. కార్పెంటర్ల దగ్గర సంచి నింపుకొని రావచ్చు. పార్కింగ్‌లో, షెడ్‌లో, కొట్టు ముందు ఎక్కువ నూనె ఒలికితే దీనిదే మొదటి వరస. ఇసుక పీల్చదు, గింజల మధ్య సందుల్లో నూనెను పట్టి ఉంచుతుంది. గట్టు వేయడానికీ, జారకుండా ఉండటానికీ బాగుంటుంది.

నేలను బట్టి

ఏం చల్లాలన్నది తేల్చుకునే ముందు నేలను చూడాలి. విట్రిఫైడ్ టైల్స్ అయితే ఆట్టే బెంగ లేదు. నూనె లోపలికి దిగదు, ఏ పద్ధతైనా పనిచేస్తుంది. సందుల్లోని తెల్ల సిమెంట్ మాత్రం నూనె తాగుతుంది. అక్కడ ముగ్గు నొక్కి పెట్టి, తర్వాత పాత టూత్ బ్రష్‌తో గిన్నెల సబ్బు. పాలిష్ గ్రానైట్ కూడా దాదాపు అంతే, చీమకుర్తి నల్ల రాయి మీదైతే మరకే కనబడదు. లేత రంగు గ్రానైట్‌లో కొన్ని నూనె తాగి మచ్చ పడతాయి.

అసలు గొడవ కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల రాయి, మార్బుల్. ఇవన్నీ సున్నపు జాతి రాళ్లు. పాలిష్ పోయిన చోట నూనెను తాగుతాయి. ఇక్కడ తొందర చాలా ముఖ్యం, ఎంత ఆలస్యం చేస్తే అంత లోతుకు దిగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, వీటి మీద నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, టాయిలెట్ క్లీనర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. జిడ్డు పోదు సరికదా, పులుపు రాయిని తినేసి మెరుపు పోగొడుతుంది. మరకను ఎలాగోలా తీయొచ్చు, పోయిన మెరుపుకు పాలిష్ వాళ్లను పిలవాల్సిందే.

మచ్చ అప్పటికే దిగిపోతే ముగ్గు పట్టీ వేయాలి. ముగ్గుపిండిలో రెండు చెంచాల వంటసోడా, కాస్త గిన్నెల సబ్బు వేసి, దోసెల పిండి కంటే గట్టిగా కలపండి. మరక మీద అర అంగుళం మందాన పరిచి, పైన ప్లాస్టిక్ కవర్ వేసి, అంచులకు టేపు అంటించండి. ఒక రోజు అలా వదిలి, కవర్ తీసి, పూర్తిగా ఎండనివ్వాలి. ఎండేటప్పుడే అది రాతి లోపలి నూనెను పైకి లాగుతుంది. తడిగా ఉండగా గీకేస్తే పనంతా వృథా. ఒక్కసారికి పోదు. రెండు మూడు సార్లు వేయాలి. ఎర్ర గచ్చు మీద ముందు ఓ మూల వేసి చూడండి, రంగు తేలిపోవచ్చు.

సబ్బు విషయంలోనూ ఒక మెలిక ఉంది. గిన్నెల లిక్విడ్‌ను బకెట్ నీళ్లలో కలిపి పోస్తే బలం చచ్చిపోతుంది. నేల మీది జిడ్డు పొర మీద నేరుగా కొన్ని చుక్కలు వేసి, తడి గుడ్డతో రుద్ది, నురగ బూడిద రంగుకు వచ్చాక చెయ్యి పట్టేంత వేడి నీళ్లతో తుడవండి. రెండోసారి మామూలు నీళ్లు. పాదంతో నేలను రాస్తే కీచుమనాలి. జర్రున జారితే ఇంకా జిడ్డు ఉన్నట్టే.

ఏ నూనె

నువ్వులు, పల్లీ, పొద్దుతిరుగుడు నూనెలు ఇంచుమించు ఒకేలా పారతాయి. ఆముదం వేరు, మిగతావాటి కంటే ఎన్నో రెట్లు చిక్కన. మెల్లగా పాకుతుంది కాబట్టి గట్టు వేయడానికి బోలెడు సమయం ఉంటుంది, కానీ పేపర్ దాన్ని తొందరగా పీల్చలేదు. అట్ట ముక్కతో గీకి ఎత్తడమే మేలు. నెయ్యి, డాల్డా అయితే ఓపికే మందు. గడ్డకట్టేదాకా ఆగి, కావాలంటే మీద ఐసు ముక్కలున్న గిన్నె పెట్టి, చెంచాతో గీకేయండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, సంక్రాంతి చలిలో దాన్ని ఎత్తడం సులువు, మే నెలలో కాదు.

పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల సన్నటి పొర గాలి తగిలి కొన్నాళ్లకు బంకగా, జిగురుగా మారుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీదా, స్టవ్ వెనక గోడ మీదా ఉండే పసుపు రంగు బంక ఇలా తయారైందే. ఆ స్థితిలో ఏ పొడీ పీల్చదు, ఎందుకంటే అది ఇప్పుడు నూనె కాదు, ఒక రకం వార్నిష్. దానికి వేడి నీళ్లలో కలిపిన బట్టల సోడానే దిక్కు, చేతికి తొడుగు వేసుకుని. అల్యూమినియం వస్తువులకు మాత్రం సోడా తగలనివ్వకండి, నల్లబడతాయి.

బట్టల మీద పడితే వెంటనే టాల్కమ్ పౌడర్ లేదా కార్న్‌ఫ్లోర్ చల్లి, అరగంటాగి దులపండి. తర్వాత గిన్నెల సబ్బు చుక్క వేసి రుద్ది ఉతకాలి. ఆవకాయ నూనె అయితే రెండు మరకలు ఒకేచోట ఉన్నట్టు లెక్క, జిడ్డు ఒకటి, పసుపు ఇంకోటి. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడుతుంది, టెన్షన్ పడొద్దు, అది క్షారం వల్ల. జిడ్డు పోయాక తడి బట్టను ఎండలో ఆరేయండి, పసుపు రంగును ఎండ తినేస్తుంది. మరక పోయిందని తేలేదాకా ఇస్త్రీ చేయొద్దు. పట్టుచీర మీద పౌడర్ వరకే మన పని, మిగతాది డ్రైక్లీనింగ్ వాళ్లకు వదిలేయండి.

ఇంజన్ ఆయిల్, పెట్రోల్

పార్కింగ్‌లో బండి కింద కారిన ఇంజన్ ఆయిల్‌కు రంపపు పొట్టు లేదా పొడి ఎర్రమట్టి. కాలితో నలిపి, రాత్రంతా వదిలి, పొద్దున ఊడ్చేయాలి. మిగిలిన నల్ల మచ్చ మీద పొడి సిమెంట్ చల్లి చీపురుతో రుద్దితే చాలావరకు లాగుతుంది. ఆ తర్వాత బట్టల సోడా వేడి నీళ్లు. గచ్చు పాతదైతే నీడలాంటి మచ్చ మిగులుతుంది, దానితో రాజీ పడటమే.

పెట్రోల్ ఒలికితే మాత్రం ఈ పోలికలన్నీ పక్కన పెట్టండి. పొట్టు, పేపర్, పిండి, ఏదీ వద్దు, అవన్నీ మంటకు మేతే. స్విచ్చులు ముట్టుకోకుండా, తలుపులు కిటికీలు తీసి, మనుషుల్ని దూరంగా పంపి, పొడి ఇసుక లేదా మట్టి పోయాలి. మోరీలోకి కడగకూడదు, ఆవిరి పైపుల్లో నిలిచి ఎక్కడో నిప్పు దగ్గర అంటుకుంటుంది. కిరోసిన్ అంత తొందరగా అంటుకోదు కానీ జాగ్రత్త అంతే.

నీళ్ల మీద తేలే నూనె

సంపులో, తొట్టిలో నూనె తెట్టు కడితే లెక్క తిరగబడుతుంది. పేపర్ నీళ్లు తాగి మునుగుతుంది, పిండి ముద్దవుతుంది, ముగ్గు నేరుగా అడుక్కు పోతుంది. ఇక్కడ నీళ్లంటే గిట్టనివే కావాలి. మాస్కులు, నాన్-వోవెన్ సంచి ముక్కలు, వత్తుల పత్తి, బూరుగు దూది మూట. పైపైన అద్ది, పిండి, మళ్లీ అద్దుతూ పోవాలి. తాగే నీళ్లయితే అద్దినంత మాత్రాన చాలదు, ఖాళీ చేసి కడగాల్సిందే.

సముద్రంలో జరిగేదీ ఇదే, కాకపోతే కొలత పెద్దది. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు కామరాజర్ పోర్టు బయట రెండు ఓడలు ఢీకొన్నప్పుడు తీరానికి కొట్టుకొచ్చిన చిక్కటి చమురును మనుషులు బకెట్లతో తోడారు. చూసి నవ్వినవాళ్లు చాలామంది. కానీ గట్టు పట్టున చేరిన చిక్కటి మడ్డికి అంతకంటే సూటి ఉపాయం ఏముంది? తోడదగ్గది ముందు తోడాలి, మా వంటింట్లో చెత్తచేటతో చేసిందీ అదే. తోడేవాళ్లకు సరైన తొడుగులు ఇచ్చారా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న.

మారిషస్‌లో, తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఆ దీవిలో, 2020 జూలై 25న వకాషియో అనే ఓడ పగడపు దిబ్బ ఎక్కింది. ఆగస్టు మొదటి వారంలో చమురు కారడం మొదలైంది, దాదాపు వెయ్యి టన్నులు. జనం ఊరుకోలేదు. గుడ్డ గొట్టాలు కుట్టి, వాటిలో చెరకు ఆకులు కూరి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి నీళ్లలో వేశారు. కత్తిరించిన జుట్టు కూడా ఇచ్చారు. జుట్టు ఆలోచన 1989 నాటిది. అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురులో తడిసిన నీటికుక్క బొచ్చును టీవీలో చూసి అలబామాలో ఫిల్ మెక్రోరీ అనే క్షౌరశాల యజమానికి తట్టింది. జుట్టుకు నూనె పడుతుందని మనకు ఒకరు చెప్పాలా! అయితే జుట్టు నీళ్లు కూడా పట్టి బరువెక్కుతుంది. 2010లో మెక్సికో సింధుశాఖ చమురు ప్రమాదానికి జనం పంపిన జుట్టు గొట్టాలను అధికారికంగా వాడకపోవడానికి కారణం అదే.

పీల్చినదాన్ని ఏం చేయాలి

సింకులోనూ టాయిలెట్‌లోనూ పోయకూడదు. నూనె పైపులో చల్లబడి గోడలకు పట్టి, మిగతా చెత్తను పట్టుకుంటుంది. లండన్ వైట్‌చాపెల్‌లో 2017లో ఇలా గట్టిపడ్డ ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు తేలింది. మన అపార్ట్‌మెంట్ పైపుకు ఒక మూర ముద్ద చాలు. తడిసిన పేపర్, ముగ్గు ముద్ద అన్నీ పాత పాల ప్యాకెట్లలోకి ఎత్తి, మూతి కట్టి చెత్తలో వేయండి. ఇంజన్ ఆయిల్ పట్టిన పొట్టును విడిగా ఉంచి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్‌ను అడగండి. మొక్కల్లో పోయొద్దు.

గుడ్డల విషయం మాత్రం నిజంగా ప్రమాదం. అవిసె, కుసుమ, పొద్దుతిరుగుడు నూనెల్లో తడిసిన గుడ్డల్ని ఉండలా చుట్టి మూలన పడేస్తే, గాలితో కలిసి అవి లోపల లోపల వేడెక్కుతాయి. అవిసె నూనె గుడ్డలైతే నిప్పు లేకుండానే అంటుకుంటాయి, చెక్కకు పాలిష్ వేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. విడివిడిగా తీగ మీద ఆరేసి, గట్టిగా ఎండిపోయాక పారేయండి. అంత ఓపిక లేకపోతే నీళ్లలో ముంచి మూత పెట్టండి.

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక కడప బండ ఉంది. ముగ్గు గట్టు దాటకపోయినా, గట్టు కింద నుంచే నూనె దాంట్లోకి దిగింది. మూడుసార్లు పట్టీ వేశాను. పొడిగా ఉంటే కనబడదు. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా చేటంత నల్ల మచ్చ తేలుతుంది. ఈ ఎండాకాలం నాలుగోసారి వేస్తాను.